అరవై అమావాస్యల లెక్క

అరవయ్యో ముడి వేసి, దాని మీద తొమ్మిది రోజులు ఆగి, పదో రోజు పొద్దున్న గురవమ్మ పనిలోకి వెళ్ళలేదు.

ఆ రోజు ఆమె కోడి కూయకముందే లేచింది. కాలువకు వెళ్ళి తలంటుకుంది. అయిదేళ్ళుగా మూట అడుగున దాచుకున్న ఎర్రంచు చీర తీసి కట్టుకుంది. ఏడో నెల దాటిన కడుపు మీద కుచ్చెళ్ళు నిలవకపోతే నవ్వుకుని కిందికి దోపుకుంది. తర్వాత గదిలో ఉన్న సామాను పంచడం మొదలుపెట్టింది. రుబ్బురోలు ఎదుటి గదికి. చిల్లు లేని బక్కెట్టు పక్క గదికి. గుడ్లు పెట్టే నల్లకోడి చివరి గదిలో ఉన్న బాలింతకు. పార మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. గుమ్మం ముందు నేలలో దిగేసి వదిలేసింది.

"అది దొరది. దొరకే ఇచ్చీండి" అంది.

లైన్లో ఆడవాళ్ళందరూ మూగారు. లైనంటే చెరుకు ఎస్టేటు కూలీల కోసం వరసగా కట్టిన రేకు గదులు. మనిషి పడుకుంటే కాళ్ళు గోడకు తగిలేంత గదులు.

"ఏటే గురవా, ఏటీ సంబరం?"

"ఖులా అయిపోనాను!" అని గురవమ్మ రెండు చేతులూ ఎత్తి చూపించింది. గిర్మిట్ అంటే ఎస్టేటుకు రాసిచ్చిన అయిదేళ్ళ కూలి ఒప్పందం. ఖులా అంటే అది తీరి, ఎవరి గంటకూ లేవనక్కర్లేని మనిషి. "అయిదేళ్ళూ అయిపోనాయి. నా మావ బండి అట్టుకొని వస్తన్నాడు. నా బిడ్డ లైన్ పిల్ల అవ్వదు!"

ఆ చివరి మాటే ఆమె అసలు సంబరం. ఎస్టేటులో పిల్ల పుడితే అందరూ అడిగే మొదటి మాట ఆడా మగా అని కాదు. ఎవరి గిర్మిట్‌లో పుట్టిందని. గిర్మిట్‌లో ఉన్న తల్లికి పుడితే లైన్ పిల్ల. ఖులా అయిన తల్లికి పుడితే ఖులా పిల్ల. లైన్ పిల్లలు చెరుకు గట్ల మీద గోనెపట్టాలో పడుకుని, తల్లి వరస ముగించి వచ్చేదాకా ఏడ్చి ఏడ్చి నిద్రపోవడం గురవమ్మ అయిదేళ్ళూ చూసింది. కడుపు నిలిచిందని తెలిసిన రోజునే ఒట్టు పెట్టుకుంది, తన బిడ్డ కళ్ళు తెరిచేసరికి తను గిర్మిట్ మనిషి కాకూడదని.

గురవమ్మ మా ముత్తవ్వ. ఆమె కథ నాకు మా అవ్వ చెప్పింది, తెలుగు మాట దొరికిన చోట తెలుగులో, దొరకని చోట హిందీలో, రెండూ చాలని చోట చేతులతో.

విశాఖపట్నం జిల్లాలో ఏదో ఊరు ఆమెది. ఊరి పేరు మా ఇంట్లో మిగల్లేదు. 1911లో మద్రాసులో ఓడ ఎక్కించారు. ఫిజీలో దిగిన రోజు అమావాస్య. చీకట్లో ఏమీ కనపడక, ముందు మనిషి కొంగు పట్టుకుని దిగిందట. అందుకే ఆ రోజు ఆమెకు బాగా గుర్తు. మూట కట్టిన నూలు తాడు విప్పి దగ్గర పెట్టుకుంది. తర్వాతి అమావాస్యకు మొదటి ముడి వేసింది. ఏడాదికి పన్నెండు నెలలు, అయిదు పన్నెండ్లు అరవై. అరవై ముడులు పడితే గిర్మిట్ తీరినట్టు. మధ్యలో ఒకసారి జ్వరంతో తొమ్మిది రోజులు పనిలోకి వెళ్ళలేదు. ఆ తొమ్మిదీ చివర కలుపుతామని కూలీల మీద అజమాయిషీ చేసే సర్దార్ అప్పుడే చెప్పాడు. సరే, తొమ్మిది కలుపుకుంది. వేళ్ళ మీద ఎన్నిసార్లు చూసుకున్నా ఆ లెక్కలో తప్పు లేదు.

పొద్దు పొడిచేసరికి మునియ్య ఎద్దుబండితో వచ్చేశాడు. గురవమ్మ మావ అని పిలిచే మొగుడు ఇతనే, చిత్తూరు వైపు మనిషి. గురవమ్మ కన్నా ముందు ఓడలో వచ్చి, నిరుడే ఖులా అయి, ద్రాసాలో కొంత నేల కౌలుకు తీసుకుని, రెల్లు గోడల ఇల్లు కట్టాడు. బండిలో వరిగడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి తెచ్చాడు. అతని వెనకే వీరస్వామి తాత తలపాగా చుట్టుకుని, మూట చంకన పెట్టుకుని బయలుదేరాడు. వీరస్వామీ గురవమ్మా ఒకే ఓడలో వచ్చిన జహాజీలు. ఒకే ఓడ, ఒకే రోజు గిర్మిట్. ఓడలో కలిసిన వాళ్ళు రక్తసంబంధం కన్నా ఎక్కువ. అందుకని ముసలాయన విడిగా లెక్కపెట్టుకోలేదు.

"నాకెందుకు లెక్క? గురవ తాడుంది కదా. గురవకి తీరితే నాకు తీరినట్టే. నాకైతే తొమ్మిది రోజుల ముందే తీరిపోనాది, ఈ గుంట కోసం ఆగినాను" అని అందరికీ చెప్పాడు.

సరిగ్గా అప్పుడు సర్దార్ శివ ప్రసాద్ వచ్చాడు. ఉత్తరాదిన బస్తీ జిల్లా నుంచి వచ్చిన మనిషి. మద్రాసీలతో పన్నెండేళ్ళుగా అరిచి అరిచి తెలుగు నేర్చుకున్నాడు.

"క్యా గురమ్మా, ఎవరి పెళ్ళి ఇవాళ?"

"పెళ్ళి కాదు సర్దారూ, ఎల్లిపోతన్నాను. అయిదేళ్ళు తీరినాయి. తాడు సూసుకో."

శివ ప్రసాద్ తాడు చేతిలోకి తీసుకుని ముడులన్నీ లెక్కపెట్టాడు. నిజంగానే మొత్తం లెక్కపెట్టాడు. తర్వాత ఇంత పెద్దగా నవ్వాడంటే బండి ఎద్దులు చెవులు రిక్కించాయి.

"చందమామతో లెక్కపెట్టావా? అరే, గిర్మిట్ రాసింది చందమామ కాదు గురమ్మా! సర్కారు రాసింది. దొర ఆఫీసులో గోడకి క్యాలెండర్ ఉంది, పో, చూసుకో. నీ గిర్మిట్ మే నెల ఆఖర్లో తీరుతుంది. జ్వరం రోజులు కలిపితే జూన్ అయిదు. ఆరో తారీఖు నువ్వు ఖులా. ఇప్పుడు ఏప్రిల్!"

"అబద్దం!"

"రామ్ కసమ్."

మునియ్య బండి వైపు తిరిగి, పరిచిన దుప్పటి సర్దాడు. వీరస్వామి తలపాగా మెల్లగా విప్పడం మొదలుపెట్టాడు. లైన్లో మొదట ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వులో గురవమ్మకు ఒక్కటే మాట వినపడింది. శివ ప్రసాద్ వెళుతూ వెళుతూ అన్న మాట.

"ఇవాళ రాకపోతే ఇంకో రోజు కలుస్తుంది, గుర్తుపెట్టుకో. ఏడో తారీఖు అవుతుంది."

గురవమ్మ ఒక్క క్షణం కడుపు మీద చెయ్యి వేసి నిలబడింది. మరుక్షణం నేలలో దిగేసిన పార రెండు చేతులా పీకి భుజాన వేసుకుని, ఎర్రంచు చీరతోనే చెరుకు చేలోకి పరుగులాంటి నడకతో పోయింది. ఆ రోజంతా ఆమె పెళ్ళికూతురిలా తయారై కలుపు తవ్విందని లైన్లో ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు.

సాయంత్రం సామాను తిరిగొచ్చింది. రోలు వచ్చింది, బక్కెట్టు వచ్చింది. నల్లకోడి మాత్రం మధ్యాహ్నానికే కూరైపోయింది.

"ఖులా అయింది అదొక్కతే" అంది గురవమ్మ. పొద్దుటి నుంచి ఏడుపు బిగబట్టుకున్న మనిషి, ఆ మాటకు తనే ముందు నవ్వింది.

ఆ సాయంత్రం గుమ్మం ముందు మునియ్య, వీరస్వామి, గురవమ్మ ముగ్గురూ కూర్చున్నారు. ఎడ్లు బండికి కట్టేసే ఉన్నాయి.

"దొరోళ్ళు మోసం సేస్తన్నారేటి తాతా?"

వీరస్వామి చాలాసేపు గడ్డం గోక్కుని, ఉన్నట్టుండి తొడ మీద చరిచాడు. "ఓలమ్మో! అధిక మాసం! గురవా, మనం అధిక మాసం మర్సిపోనాం!"

ఊళ్ళో నెల ఎప్పుడు తిరిగిందో ఆకాశం చెప్పేది. ఏడాది ఎప్పుడు తిరిగిందో, ఎప్పుడు ఒక నెల ఎక్కువ వేసుకోవాలో పురోహితుడు చెప్పేవాడు. రెండున్నర మూడేళ్ళకొకసారి అధిక మాసం వచ్చిందని, పెళ్ళిళ్ళు ఆపమని ఊరంతా చాటేవాడు. ఫిజీకి ఆకాశం వచ్చింది, పురోహితుడు రాలేదు. పోనీ ఎండా వానా చూసి తెలుసుకుందామంటే ఇక్కడ అవీ తలకిందులే. ఊళ్ళో రోళ్ళు పగిలే ఎండల నెలలో ఇక్కడ దుప్పటి కప్పుకోవాలి.

"ఎంత తేడా వచ్చుద్ది తాతా?"

తాతకు అంతవరకు తెలియదు. ముగ్గురూ కలిసి గులకరాళ్ళు పేర్చారు. అమావాస్య నుంచి అమావాస్యకు ముప్పై రోజులు పూర్తిగా ఉండవని గురవమ్మకు ఎప్పటినుంచో తెలుసు. ఒక నెల ముప్పై, ఒక నెల ఇరవై తొమ్మిది. అంటే రెండు నెలలకు యాభై తొమ్మిది. అలాంటి జతలు ఆరు కలిపితే ఏడాది. ఆరు యాభై తొమ్మిదులు మూడు వందల యాభై నాలుగు.

"దొరల ఏడాదికి మూడు వందల అరవై అయిదు దినాలు. అది నాకు తెలుసు" అన్నాడు మునియ్య.

"అరవై అయిదులో యాభై నాలుగు తీసీ... పదకొండు. ఏడాదికి పదకొండు. అయిదేళ్ళకి..." గురవమ్మ రాళ్ళు అయిదు కుప్పలు వేసింది. "యాభై అయిదు!"

సర్దార్ చెప్పిన జూన్ ఆరుకు ఆ రోజు నుంచి ఎన్ని రోజులో మునియ్య వేళ్ళు మడిచి చూశాడు. ఏప్రిల్‌లో మిగిలినవి పద్దెనిమిది, మే అంతా ముప్పై ఒకటి, జూన్‌లో ఆరు. యాభై అయిదు!

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పొద్దున జరిగిన అవమానం మరిచిపోయి గురవమ్మకు అప్పుడు ఎక్కడలేని ఉత్సాహం వచ్చిందట. మోసం లేదు. తాడు తప్పు కాదు, ముడులు తప్పు కాదు. చందమామ నడక వేరు, సర్కారు నడక వేరు. మధ్యలో ఎంత దూరమో తను రాళ్ళతో కొలిచింది.

"సూసినావా మావా, రాయి కూడా పొల్లు పోలేదు!"

మునియ్య తల గోక్కున్నాడు. "ఇంగ దాచి లాభం లేదుమే. నేను కూడా అట్లనే తప్పినా. నేను శనివారాలు లెక్కపెట్టినా. ఏడాదికి యాభై రెండు శనివారాలు, అయిదేళ్ళకి రెండు వందల అరవై. తీరిందని గడ్డం గీయించుకొని ఆఫీసుకు పోయినా. ఆరు దినాలు ముందుగా పోయినావురా అని తరిమినారు."

"ఆరు రోజులా! నాకెప్పుడూ సెప్పలేదేటి?"

"గడ్డం గీయించుకున్న సంగతి చెప్పినా గదా."

వీరస్వామి నవ్వుతూ వెనక్కి పడబోయాడు. మునియ్యకు కూడా నవ్వొచ్చింది. "నెలలే కాదు తాతా, దొరలకు దినాలు కూడా వేరే. ఖులా అయినాక నేను ఒక సీజన్ మిల్లులో రాత్రి పని చేస్తిని గదా. అర్ధరాత్రి పన్నెండు కూత కూస్తానే, ఇంగ రేపటి దినం వచ్చేసిందంటారు. సోమవారం రాత్రి పనికి పోతే, కూత తర్వాత చేసేదంతా మంగళవారం పని."

"సీకట్లో తెల్లారడమేటి! పొద్దు పొడవందే రోజెలా మారుద్ది?" అని గురవమ్మ కొట్టిపారేసింది.

నవ్వులు ఆగాక అసలు లెక్క ముందుకొచ్చింది. బిడ్డ ఎప్పుడు? ఆ సంగతి రాజ్‌కుమారి దాయి చెప్పాలి. లైన్లో కాన్పులన్నీ ఆమె చేతి మీదే. నడుం వంగిపోయి, పళ్ళన్నీ ఊడిపోయినా పేరు మాత్రం రాజకుమారే. ఆమె గురవమ్మ కడుపు నాలుగు వైపులా ఒత్తి చూసింది.

"ఇంకో రెండు అమావాస్యలు బేటీ. రెండో అమావాస్య అయ్యాక నెలవంక వస్తుంది కదా, అది సగం చందమామ కాకముందే పిల్ల నీ ఒళ్ళో ఉంటుంది."

గురవమ్మ గులకరాళ్ళు మళ్ళీ పేర్చింది. రెండో అమావాస్య మే ఆఖరు. సగం చందమామ జూన్ ఏడో ఎనిమిదో. తను ఖులా అయ్యేది ఆరు. పొద్దుటిదాకా రెండు నెలల ఎడం ఉందనుకున్న చోట ఇప్పుడు గుప్పెడు రాళ్ళు మిగిలాయి. వాటిలో ఏ రాయి మీద బిడ్డ పుడుతుందో ఎవరికీ తెలియదు.

"పని మానేసి పడుకోమే, రెండు వారాలన్నా" అన్నాడు మునియ్య.

"మానేస్తే మానేసినన్ని రోజులు ఎనక్కి పోతాది. నాను పడుకుంటే లెక్క లేస్తాది. ఒద్దు మావా."

మర్నాడు తెల్లవారుతూనే ఖాళీ బండి ద్రాసాకు తిరిగి వెళ్ళింది.

ఆ తర్వాత లైనంతా ఈ లెక్కలోనే మునిగింది. అమావాస్యలతో లెక్కపెట్టుకున్న ఆడవాళ్ళు ఇంకా ఆరుగురున్నారు. తమ రోజులు కూడా వెనక్కి జరిగాయని తెలిసి ఒకామె గురవమ్మను తిట్టిపోసింది, గురవమ్మే నెలలు మింగేసినట్టు. ఇంకొకామె ప్రతి సాయంత్రం వచ్చి, "ఒకపాలి నాదీ సూడవే" అని రాళ్ళు ముందు పోసేది. మగవాళ్ళు గురవమ్మ కడుపు మీద పందాలు వేసుకున్నారు. శివ ప్రసాద్ కూడా రోజూ చేలో నిలబడి అరిచేవాడు.

"గురమ్మా, ఇవాళ చందమామ ఏమంటున్నాడు?"

"నీ మీసాలు సగమే కనపడతన్నాయంటన్నాడు సర్దారూ!"

అరవై ఒకటో ముడి పడింది. మే ఆఖరు అమావాస్యకు అరవై రెండోది. గురవమ్మ వంగలేక, మోకాళ్ళ మీద కూర్చుని కలుపు తీసేది. ఆ వారమే లౌటోకా మిల్లులో ఆ ఏటి చెరుకు ఆడడం మొదలైంది. గాలి ఇటు తిరిగితే షిఫ్టు మారే కూత లైన్ల దాకా వినపడేది, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, నడిరేయి ఒకసారి. పడమటి ఆకాశంలో నెలవంక రోజుకింత లావెక్కింది. గురవమ్మ దాన్ని చూసినప్పుడల్లా, "మెల్లగా, నాయనా, మెల్లగా" అనేదట.

శుక్రవారం ఏమీ లేదు. శనివారం, ఆదివారం ఏమీ లేదు. సోమవారం జూన్ అయిదు. ఆఖరి రోజు!

మధ్యాహ్నం కూత కూసిన కాసేపటికి మొదటి నొప్పి వచ్చింది.

గురవమ్మ పంటి కింద కొంగు పెట్టుకుని అలాగే ఉండిపోయింది. ఇంకా వరసలో సగం మిగిలింది. వరస పూర్తి కాకపోతే ఆ రోజు చేసినట్టు కాదు. రెండో నొప్పికి ఆమె చేతిలో పార జారింది. పక్క వరసల ఆడవాళ్ళు చూశారు. ఏప్రిల్‌లో తిట్టిపోసినామె అడుగు పక్కకు వేసి గురవమ్మ వరసలోకి వచ్చింది. తర్వాత ఇంకొకామె. నలుగురు పారలు వేసేసరికి ఆ వరస ఇట్టే అయిపోయింది. గట్టు మీద నిలబడ్డ శివ ప్రసాద్ అంతా చూస్తూనే ఉన్నాడు. వరస చివర ఆగాడు. నేలను చూశాడు, గురవమ్మను చూశాడు.

"గురమ్మా, టాస్కు పూరా. ఇంక పో" అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం అరవకుండా అన్నాడు.

సాయంత్రం లైనంతా ఆమె గది ముందే ఉంది. లోపల రాజ్‌కుమారి దాయి, ఇద్దరు ఆడవాళ్ళు. బయట వీరస్వామి. మునియ్య రావలసింది మర్నాడు పొద్దున్న. అతనికి ఇవేమీ తెలియవు.

"తొలి కాన్పు కదా, తెల్లారేదాకా పట్టొచ్చు" అంది దాయి మొదట్లో. గురవమ్మ ఆ మాటను దేవుడి మాటలా పట్టుకుంది. చీకటి పడింది. నెలవంక కొండ వెనక్కి దిగింది. నొప్పులు దగ్గరయ్యాయి.

"జోర్ లగావ్ బేటీ! నొక్కు!"

"నొక్కను!"

"నొక్కక?"

"పొద్దు పొడవనీ! పొద్దు పొడిస్తే మంగళారం. అప్పుడు నొక్కుతాను!"

"పిచ్చిదానా, పిల్ల నీ గిర్మిట్ చూసుకుని వస్తుందా!"

బయట ఆడవాళ్ళు నవ్వాలో ఏడవాలో తెలియక మొహాలు చూసుకున్నారు. వీరస్వామి గోడకు నోరు ఆనించి, "ఓర్చుకో తల్లీ, ఇంకా కాసేపు! కాదు కాదు, దాయి సెప్పినట్టు సెయ్యి! కాదు, ఓర్చుకో!" అని రెండు విధాలా అరిచాడు.

గురవమ్మ మొండితనం బిడ్డ దగ్గర సాగలేదు. చిమ్మచీకట్లో, దీపపు వెలుగులో, ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే లైనంతా లేచేలా ఏడ్చింది.

"పొద్దు పొడిసిందా?" అని గురవమ్మ అడిగింది.

దాయి పిల్లను తుడిచి చీర ముక్కలో చుట్టింది.

"పొడిసిందా సెప్పరేటి?"

"లేదు బేటీ" అంది దాయి. "ఇంకా చాలా రాత్రి ఉంది."

గురవమ్మ బిడ్డను తీసుకుంది, పాలిచ్చింది. మొహం మాత్రం గోడ వైపు తిప్పుకుంది. యాభై అయిదు రోజులు ఒక్క పూట పోకుండా పనిచేసింది. ఒక్క రాత్రి ఆగలేకపోయింది. సోమవారం పిల్ల. లైన్ పిల్ల.

తూరుపు తెల్లబడుతుండగా బండి చప్పుడైంది. మునియ్య గది లోపలి నుంచి పిల్ల ఏడుపు విని బండి ఆగకుండానే దూకాడు.

"మావా, లైన్ పిల్లే పుట్టింది" అంది గురవమ్మ.

మునియ్య పిల్లను రెండు అరచేతుల్లో పట్టుకున్నాడు. ఇంత చిన్నగా ఉంటుందని అతను అనుకోలేదు. "ఏ పిల్లయితే ఏమిమే, మన పిల్ల" అన్నాడు.

అప్పుడు గాలి ఇటు తిరిగింది. మిల్లు పొద్దుటి కూత సన్నగా, పొడుగ్గా లైన్ల మీదుగా పోయింది.

గురవమ్మ దిగ్గున లేచి కూర్చుంది.

"దాయీ! రాత్రి కూత కూసినాది కదూ? నొప్పుల్లో ఉన్నాను, ఇన్నట్టే ఉంది. నడిరేయి కూత!"

"కూసింది."

"కూత ముందా, పిల్ల ముందా?"

దాయి గుర్తు చేసుకుంది. "కూత కూసినప్పుడు నేను పొయ్యి మీద నీళ్ళు పెట్టించాను. అవి కాగాయి, దించాం. అప్పుడు కదా పిల్ల."

"నాను బయటే ఉన్నాను, కూత ఇన్నాను! పిల్ల ఏడుపు తరవాతే, గురవా, తరవాతే!" అని వీరస్వామి గుమ్మంలోంచి అరిచాడు.

గురవమ్మ మునియ్య వైపు చూసింది. ఏప్రిల్ నాటి నవ్వులన్నీ ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చాయి.

"మావా, కూత తరవాత సేసినదంతా ఏ వారం పనన్నావు?"

"మంగళవారం పని" అన్నాడు మునియ్య. అని, తన మాట తనే విని, పిల్లను గట్టిగా గుండెకు హత్తుకున్నాడు.

శివ ప్రసాద్ గంట పట్టుకుని వచ్చేసరికి గది ముందు తిరునాళ్ళలా ఉంది. "క్యా హువా? పిల్ల ఎప్పుడు పుట్టింది? పొద్దు పొడవక ముందేనా? అయితే లైన్..."

"ఆగు సర్దారూ!" గురవమ్మ లోపలి నుంచే అరిచింది. అలాంటి గొంతు ఆమెకు ఉందని ఎవరికీ అప్పటిదాకా తెలియదు. "గిర్మిట్ రాసింది సందమామ కాదని నువ్వే సెప్పినావు కదా?"

"చెప్పాను."

"మరి సూరీడు రాసినాడేటి?"

శివ ప్రసాద్ చేతిలో గంట కిందికి దించాడు.

"సర్కారు రాసింది కదా. సర్కారు రోజు ఎప్పుడు మారుద్ది? పొద్దు పొడిస్తేనా, రాత్రి పన్నెండుకా?"

"రాత్రి బారా బజే" అన్నాడు శివ ప్రసాద్ మెల్లగా.

"నా పిల్ల నడిరేయి కూత తరవాత పుట్టినాది. దాయి ఉంది, తాత ఉన్నాడు, లైనంతా ఉంది, అడుగు. నన్ను యాభై అయిదు రోజులు ఎనక్కి తోసినప్పుడు మీ లెక్కే కదా? మరి ఈ ఒక్క రాత్రీ మీ లెక్కే!"

శివ ప్రసాద్ ఆకాశం వైపు చూశాడు, లౌటోకా వైపు చూశాడు, మీసం కింద నవ్వు దాచుకోవాలని చూశాడు, కుదరలేదు.

"సహీ బాత్ గురమ్మా. సహీ బాత్! ఆరో తారీఖు, మంగళవార్. ఆఫీసులో ఇదే చెబుతాను. ఖులా కీ బేటీ!"

లైన్లో లేచిన కేకలకు బండి ఎద్దులు బెదిరి పక్కకు జరిగాయి. దాయి పళ్ళు లేని నోటితో నాలుక ఆడిస్తూ మంగళధ్వని చేసింది. ఏప్రిల్‌లో తిట్టిపోసినామె నల్లకోడికి బదులని ఒక కోడిపెట్టను తెచ్చి బండిలో కట్టేసింది. శివ ప్రసాద్ గంట కొట్టాడు. అందరూ పనిలోకి బయలుదేరారు. ఆ గంటకు లేవనక్కర్లేని మనిషి గురవమ్మ ఒక్కతే. బాలింతను అప్పుడే కదిలించొద్దని దాయి ఎంత చెప్పినా వినలేదు. ఎండ ఎక్కాక, మెత్తటి గడ్డి మీద పడుకుని, పిల్లను పక్కన పెట్టుకుని బయలుదేరింది. వీరస్వామి జ్వరం పడని మనిషి కాబట్టి అప్పటికి తొమ్మిది రోజుల ముందే ఖులా అయి, జహాజీ కోసం లైన్లోనే ఆగాడు. ఈసారి తలపాగా విప్పాల్సిన పని లేకుండా బండి ముందు నడిచాడు.

ఆ పిల్లే మా అవ్వ నాగమ్మ. ఎవరైనా పుట్టినరోజు అడిగితే, "మాకు రెండు లెక్కలు. మా అమ్మకి సోమవారం నొప్పి, నాకు మంగళవారం పుట్టుక" అనేది.

దారి పొడుగునా గురవమ్మ తాడు ముడులు విప్పుతూనే ఉందట. కొత్త ముడులు తేలిగ్గా వచ్చాయి. మొదటి ఏడాదివి చెమటకూ వానకూ బిగిసిపోయి, పళ్ళతో లాగితే గానీ రాలేదు. అరవై రెండూ విప్పేసరికి ద్రాసా వచ్చింది. పదకొండో రోజు పురిటి స్నానం అయ్యాక, ఆ తాడునే పసుపులో ముంచి పిల్లకు మొలతాడు కట్టింది. రెండు చుట్లు చుట్టినా ఇంకా మూరెడు మిగిలింది.

"కోసెయ్యమంటావా?" అని మునియ్య కత్తి తీశాడు.

"ఒద్దు మావా, ఉండనీ" అంది గురవమ్మ. "పెరుగుద్ది కదా."